ఇంజను నంబర్లు, విత్తనం పసుపు

చిన్నప్పుడు నిజామాబాద్‌లో మేనమామ ఇంటి మిద్దె మీద కూర్చుని రైలింజన్ల నంబర్లు రాసుకునేవాణ్ని. ఎందుకని ఎవరూ అడగలేదు. పిల్లవాడు చప్పుడు చేయకుండా ఉంటే పెద్దలకు కారణాలు అక్కరలేదు. తర్వాత ఉద్యోగం నన్ను ఆర్మూర్‌కు తెచ్చింది. అప్పట్లో ఇక్కడ రైలే లేదు కాబట్టి, ఆ అలవాటు మానడానికి పెద్ద మనోబలమేమీ అవసరం పడలేదు.

లైను పడ్డాక కూడా కొన్నేళ్లు పట్టించుకోలేదు. పోయిన ఏడు పసుపు తవ్వకాలప్పుడు, ఒక ఆదివారం వేల్పూర్ వైపు పోతుంటే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వచ్చింది. ఇంజను నుదుటి మీద ఐదంకెల నంబరు. జేబులో ఉన్న పెట్రోలు బిల్లు వెనక రాసేశాను. మర్నాడే నోటుబుక్కు కొన్నాను.

గేటుకు కాస్త అవతల, పట్టాల పక్కనే ఒక పసుపు చేను. దాని గట్టు మీద నిలబడితే బండ్లు బాగా కనిపిస్తాయి. చేను గల రైతుకు అరవై దాటి ఉంటాయి. మొదటి ఆదివారం ఆయన నన్ను చూశాడు. రెండో ఆదివారం నా మోటారు సైకిల్ నంబరు చూశాడు. మూడో ఆదివారం కుర్చీ వేయించాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి కుర్చీ వేశారంటే అనుమానం ముదిరిందని అర్థం.

"ఏ ఆఫీసు సార్ మీది?"

"ఇన్సూరెన్సు కాకా. గిది ఉత్తగ సరదాకు, శౌక్."

"శౌక్‌కు నంబర్లు రాస్తరా?"

"రాస్తరు."

"మంచిది" అన్నాడు. ఆయన అన్న తీరుకు నాకే నా మీద కొంచెం అనుమానం కలిగింది.

ఆయన మీద కూడా కలిగింది. నేను పెన్ను తీసినప్పుడల్లా ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ నా ఫొటో తీసేవాడు.

నాలుగో ఆదివారానికి చేలో పసుపు ఉడకబెట్టే మిషను పొగలు కక్కుతోంది. ఉడికిన కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. ఓ పక్కన నీడలో ఆకులు కప్పిన ఇంకో కుప్ప ఉంది. అది వానాకాలం నాటుకోవడానికి పచ్చిగా దాచుకునే విత్తనం. కూలీలు దాని మీది ఆకులు లాగేస్తున్నారు. రైతు భార్య నా ముందుకొచ్చి నిలబడింది.

"నిజం చెప్పయ్యా. రెండో రైలు లైను మా చేన్లకెల్లే పోతదా?"

"నాకేం తెలుసమ్మా?"

"తెల్వకుంటే కొలతలెందుకు రాస్తున్నవ్? మొదటి లైనుకు అరెకరం పాయె. గీ ఎకరం గూడ పోతే విత్తనం ఏడ పెట్టాలె? అందుకే మా ఆయన గా విత్తనం గూడ ఉడకవెట్టుమన్నడు."

ఉడికిన కొమ్ము మొలవదు. నా రాతకు అంత ఫలితం అంతకు ముందెప్పుడూ రాలేదు.

నోటుబుక్కు తీసుకెళ్లి రైతు చేతిలో పెట్టాను. "కాకా, నువ్వు తీసిన ఫొటోలు చూడు. నా ఎనక ఇంజను పడ్డదా?"

ఫొటోల సంగతి నాకు తెలుసని ఆయనకు అప్పుడే తెలిసింది. ఫోన్ తీసి, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, ఇంజను మీది అంకెలు ఒక్కొక్కటే చదివాడు. పుస్తకంలో ఆ ఆదివారం కింద అదే నంబరు. ఇంకో ఫొటో చూశాడు. అదీ సరిపోయింది. పుస్తకం మూసి నాకిచ్చాడు.

"గింత సదువుకొని గిదేం పని తమ్మీ?"

సార్ పోయి తమ్మీ వచ్చింది. ఆయన కూలీల వైపు తిరిగి, "ఆకులు కప్పుండ్రి" అన్నాడు.

అప్పటి నుంచి వారం మధ్యలో ఫోన్ వస్తుంది. "పొద్దుగాల పోయిన గూడ్సు నంబరు రాసుకో తమ్మీ." ఆయన చెబుతాడు, నేను రాస్తాను. ఆదివారం పోగానే నా పుస్తకం లాక్కుని తన ఫొటోలతో సరిచూస్తాడు. నేను ఇంకేమైనా రాస్తున్నానేమోనని కాబోలు. నా రాతలను ఇంత శ్రద్ధగా చదివే స్నేహితుడు నాకు ఇంకొకడు లేడు.

జూన్‌లో విత్తనం నాటారు. చేనంతా సాళ్లు నిండాయి. పట్టాల పక్కన మాత్రం రెండు సాళ్లు ఖాళీగా ఉన్నాయి.

"గవెందుకు ఇడిచిపెట్టినవ్ కాకా?"

"నువ్వు నిలవడనీకి జాగ కావాలె గద."

నేను ఎప్పుడూ నిలబడేది గట్టు మీదే. అయినా నమ్మినట్టే తలూపాను. ఆయన భార్య మాత్రం నా చేతిలోని పెన్ను వంకే చూస్తోంది.