మంచం బిగించిన సాయంత్రాలు

మా పెద్దపిల్లకు బాప్తిస్మం ఇప్పించిన ఆదివారం, పిల్లను ఎత్తుకుని పాస్టరు అయ్యగారి ముందుకు నడవాల్సింది నేను. గుడి మెట్ల దగ్గర మా అత్త నా చేతుల్లోంచి పిల్లను తీసుకుని మా తోడికోడలికిచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఊరంతా చూసింది. ఇన్నేళ్ళయినా ఆ రోజు తోడికోడలు కట్టిన చీర అంచు ఏ రంగో చెప్పగలను. మరిచిపోయే స్వభావం నాది కాదు. అందుకు సిగ్గుపడను కూడా.

అవి యుద్ధం రోజులు. మాది గురజాల దగ్గర పల్లె. మా ఆయన వేరే ఊళ్ళో బడిపంతులు, శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. కిరసనాయిలు దొరక్క, రాత్రి ప్రార్థన కాగానే దీపం ఆర్పేసేవాళ్ళం. దీపం ఆరితే చాలు, నా తలలో సంత మొదలయ్యేది. గుడి మెట్లు, నీళ్ళబావి దగ్గర ఒకామె విసిరిన మాట, ఎవరి పెళ్ళిలోనో నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టడం, అన్నీ వరసగా వచ్చేవి. ఒక్కోదానికి అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు తయారుచేసుకునేదాన్ని. మంచి జవాబులే. వినేవాళ్ళు లేరు.

నిద్ర లేక పాలు తగ్గాయి. అప్పటికి మూడు నెలలు నిండిన ఆ పెద్దపిల్లే చప్పరించి చప్పరించి, చాలక ఏడ్చేది. దాని తొడల మీద చర్మం వదులై ముడతలు పడింది. మంత్రసాని పిల్లను ఎత్తి చూసి, తర్వాత నా మొహం చూసింది.

"నీకు తక్కువైంది తిండి కాదే, నిద్ర. తల్లి పడుకుంటేనే పాలు. ఇట్టాగే ఉంటే పిల్ల దక్కదు."

అత్త బెదిరిపోయింది. నా అరికాళ్ళకు ఆముదం రాసింది. కళ్ళు మూసుకుని ప్రభువును తలుచుకోమంది. తలుచుకుంటే ఆయన కూడా ఆ గుడి మెట్ల దగ్గరే నిలబడి కనిపించేవాడు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, అత్త నా నులక మంచాన్ని వాకిట్లోకి లాగింది. కుక్కి మంచం అది, నడుం పడేచోట గుంట. కాళ్ళ వైపు తాడు వదులు చేసి, కొస నాకిచ్చింది.

"జారకుండా పట్టుకోవే. నేను లాగినప్పుడల్లా ఒకటి చెప్పు."

"ఏంది చెప్పేది?"

"రాత్రంతా పళ్ళు కొరుకుతా తిరగేస్తావు చూడు, అయ్యి. ఎవరెవరు నిన్నేమన్నారో. పడుకున్నాక కాదు, ఇప్పుడే చెప్పు."

"ఎగతాళా అత్తా?"

"పిల్ల చిక్కిపోతుంటే ఎగతాళేందే? చెప్పు."

బావి దగ్గరి మాట చెప్పాను. అత్త మంచం పట్టెకు కాలు తన్నిపెట్టి తాడు లాగింది. "దాని నోరు చానా పెద్దది. ఇంకోటి." పెళ్ళి బంతి సంగతి చెప్పాను. "నేనైతే లేచొచ్చేదాన్ని. ఇంకోటి." నా పక్షాన ఎవరైనా అలా అనడం నాకు కొత్త. ఆ రాత్రి కాసేపు కునుకు పట్టింది.

ఆ తర్వాత రోజూ అదే పని. బిగించిన మంచాన్నే మళ్ళీ వదులు చేసేది. పక్కింటి పిన్నమ్మ గోడ మీదుగా చూసి, "రోజూ బిగిస్తన్నారు, రాత్రుళ్ళు దాని మీద ఎద్దుల్ని పడుకోబెడతన్నారా ఏంది?" అంది.

"నీ మంచం కూడా తెచ్చుకోవే, నీ కోడలిక్కూడా చెప్పుకునేయి ఉంటయ్యి" అంది అత్త. పిన్నమ్మ తల మళ్ళీ కనిపించలేదు.

ఒక్కటి మాత్రం దాచుకున్నాను. మిగతావి చెప్పేశాక రాత్రిళ్ళు అదొక్కటే మిగిలి, ఇంకా పెద్దదై కూర్చునేది. వారం తిరిగాక అత్త తాడు లాగకుండా ఆగింది.

"ఇంకోటుంది. నా మీదది. చెప్పు."

"నా బిడ్డను ఎత్తుకోవడానికి నేను పనికిరానా అత్తా? ఊరి ముందు నన్ను గుడి మెట్ల దగ్గర వదిలేశావు."

అత్త మంచం పట్టె మీద నుంచి కాలు తీసింది.

"ఆ రోజు నీ కాళ్ళు వణుకుతున్నయ్యే. బండల మీద పిల్లతో పడతావని భయమేసింది."

"ఆ మాట అప్పుడే అనొచ్చుగా?"

"అనొచ్చు. అనలా." తాడు చేతికి చుట్టుకుంది. "పిల్లనే చూశా. నిన్ను చూళ్ళా. తప్పే."

తప్పు చేసింది ఊరందరి ముందు, ఒప్పుకుంది నా ఒక్కదాని ముందు. అది న్యాయం కాదని ఇప్పటికీ అంటాను. కాని ఆ పూట తాడు ఆమె చేతిలోంచి తీసుకుని నేనే లాగాను. దీపం ఆర్పాక సంత కోసం ఎదురుచూశాను. ఎంతసేపు చూశానో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి గోడ మీద ఎండ. రవిక పాలతో తడిసిపోయి ఉంది. అత్త గడపలో కూర్చుని, గుడ్డ ముంచి పిల్లకు ఆవుపాలు చుక్కచుక్కగా పడుతోంది. నిద్ర లేక ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్నెందుకు లేపలేదు?" అని కసిరాను.

అత్త గడపలోంచి లేచింది. పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పిల్ల ఆత్రంగా పట్టుకుంది. గుటకల చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. పాలు పెదవి చివర నుంచి కారుతుంటే అత్త వంగి కొంగుతో తుడిచింది.

"మెల్లగా తాగవే, పొలమారుద్ది" అంది.