తడిసిన మోచేతులు

మొన్న అమలాపురంలో మా మనవరాలి స్కూల్లో వారోత్సవాలు జరుగుతుంటే, పిల్లకి బొమ్మలేయడంలో బహుమతి వచ్చిందని కోడలు నన్నూ లాక్కెళ్లింది. పిల్లలందరి భుజాలకీ నీళ్ల సీసాలు, వాటిమీద ఎవరి పేరు వారిది. పక్కన కూర్చున్న పాప సీసా ఖాళీ అయిపోయి దాహమంటే, మా పిల్ల తన సీసా చటుక్కున వెనక్కి లాక్కుంది, ఎవరి సీసా వాళ్లే తాగాలని టీచరు చెప్పిందట. నేను నిర్ఘాంతపోయాను. అది క్రిముల భయమని నాకూ తెలుసు, పంతులమ్మగా చేసి రిటైరైనదాన్నే. అయినా నా చిన్నప్పటి బడి గుర్తొచ్చింది.

డెబ్భైల నాటి మాట. కొత్తపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఏటా ఒక వారం పాఠాలు కట్టిపెట్టి పరుగు పందేలు, కబడ్డీ, వ్యాసరచన, వక్తృత్వం పెట్టి శనివారం నాడు బహుమతులిచ్చేవారు. మీరూ ఆ రోజుల్లో చదివినవారైతే గుర్తుండే ఉంటుంది, బహుమతి అంటే సబ్బుపెట్టె, మహా అయితే స్టీలు గ్లాసు. సోమవారం స్వపరిపాలన. పదో తరగతి పిల్లలం పంతుళ్లమైతే, పంతుళ్లు వెనక బెంచీల్లో కూర్చుని మమ్మల్ని ఏడిపించేవారు. ఆ రోజు హెడ్మాస్టరైన విద్యార్థి వేసే ఒక్క ఆర్డరుని అసలు హెడ్మాస్టరుగారు కూడా కాదనకూడదని మా బళ్లో ఆనవాయితీ. ఏటా వేసే ఆర్డరు ఒకటే, మధ్యాహ్నం నుంచి సెలవు. ఆ ఏడు మార్కుల్ని బట్టి కుర్చీ నాకొచ్చింది.

నేను చర్చిపేట పిల్లని. తాతల నాడే మతం పుచ్చుకున్నా మావి కూలి బతుకులే. నాన్న చెట్లెక్కి కాయలు కోసే కొబ్బరి దింపులకి వెళ్లేవారు, అదీ ఎక్కువగా మా స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారి తోటల్లో. బడి వరండాలో నీళ్ల కుండ, కొబ్బరిచిప్ప గరిటె, ఒక ఇత్తడి గ్లాసు ఉండేవి. రైతుల పిల్లలకి బంట్రోతు గ్లాసులో పోసి ఇచ్చేవాడు. మా పేట పిల్లలం దోసిలి పడితే గరిటెతో పైనుంచి పోసేవాడు. పాపం, అతనికి మామీద కోపమేమీ లేదు, అలవాటంతే. ఇంటర్వెల్ అయ్యాక ఎవరు ఏ పేటో తడిసిన మోచేతులు చూసి చెప్పేయొచ్చు.

ఒట్టేసి చెబుతున్నాను, నేనూ సెలవు ఆర్డరే వేద్దామనుకున్నాను. అమ్మ పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, హెడ్మిస్ట్రెసు హోదాలో కుండ దగ్గరికి వెళ్లాను. బంట్రోతు నవ్వుతూ నమస్కారం పెట్టి, అలవాటుగా గరిటె ఎత్తాడు. నేనూ అలవాటుగా వంగి దోసిలి పట్టాను. నీళ్లు మోచేతుల మీంచి కారి అమ్మ చీర తడిసిపోయింది. నాకేమైందో తెలియదు, ఆ గ్లాసు పట్టుకెళ్లి హెడ్మాస్టరుగారి సొరుగులో పెట్టి తాళం వేసి, గంట కొట్టించి, ఇకమీదట బళ్లో అందరూ దోసిలితోనే తాగాలని ఆర్డరు వేసేశాను.

అందరికన్నా ముందు అదిరిపోయింది నేనే. ఇంతలో బళ్లో అందరికీ సింహస్వప్నమైన హెడ్మాస్టరుగారు వెనక బెంచీలోంచి లేచి, నేరుగా కుండ దగ్గరికి వెళ్లి, వంగి దోసిలి పట్టారు. ఆయన్ని చూసి పంతుళ్లు, వాళ్లని చూసి పిల్లలు. సాయంత్రానికి బడిలో పొడి మోచెయ్యి లేదు.

మర్నాడే గ్లాసు బయట పెట్టమని ప్రెసిడెంటుగారు మనిషిని పంపారు. "ఆర్డరు హెడ్మిస్ట్రెసుగారిదండి. రద్దు చేయాలంటే మళ్లీ ఏడు స్వపరిపాలన దాకా ఆగాలండి, ఆయ్" అన్నారట మా హెడ్మాస్టరుగారు. నాకు మాత్రం అన్నం సయించలేదు. వచ్చే దింపుకి నాన్నని పిలవకపోతే మా పొయ్యి వెలగదు.

శనివారం బహుమతులు ఆ ప్రెసిడెంటుగారే పంచారు. వక్తృత్వంలో మొదటి బహుమతి నాది. ఆయన చేతుల మీదుగా స్టీలు గ్లాసు అందుకుని ఇంకా మెట్లయినా దిగలేదు, ఆయనకి దగ్గు తెర వచ్చి ఊపిరాడలేదు. నీళ్లు నీళ్లు అన్నారెవరో. బంట్రోతు గరిటె పట్టుకుని తెల్లబోయి నిలబడ్డాడు. నేను నా గ్లాసుతోనే నీళ్లు ముంచి తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను. బహుమతులు చూద్దామని వచ్చి వెనక నిలబడ్డ నాన్న తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆయన గ్లాసు కేసి చూశారు, నా కేసి చూశారు. మళ్లీ దగ్గు. అందుకుని, పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకున్నారు. మధ్యలో దగ్గొచ్చి సగం నీళ్లు పట్టుకండువా మీంచి మోచేతి దాకా కారాయి. ఎవరూ నవ్వలేదు.

"నీళ్లే కదమ్మా ఇచ్చేవు, నిప్పు కాదు కదా" అన్నారు నాన్న దారిలో, తలగుడ్డ చుట్టుకుంటూ. తర్వాతి దింపుకి పిలుపు రాలేదు, ఇంటిల్లిపాదీ గంజి తాగాం. ఆ పై దింపుకి వచ్చింది. ఇత్తడి గ్లాసు మాత్రం మరి సొరుగులోంచి రాలేదు. మరుసటి ఏడు కుర్చీ ఎక్కిన రైతుబిడ్డ తన ఒక్క ఆర్డరునీ సెలవు మీదే ఖర్చు పెట్టేశాడు.

ఇప్పుడు ఆ కుండా లేదు, ఎత్తిపోసేవాళ్లూ లేరు. మంచిదే. కానీ ఒకరి నీళ్లు ఒకరు తాగే రోజు కోసం కదా అప్పుడు అంత బెదురు పడ్డాం, అది మాత్రం ఏ దారిన పోయిందో తెలియదు.

మనవరాలి సీసా తీసుకుని, దోసిలి పట్టమ్మా అన్నాను పక్క పాపతో. దోసిలి అంటే ఏమిటో ఆ పిల్లకి తెలియదు, వింతగా చూసింది. సీసా పైకెత్తి పట్టుకున్న నా చెయ్యి అప్పుడు కంటబడింది. గభాలున దించి సీసా ఆ పక్క పాప చేతుల్లోనే పెట్టేశాను.