మా ఇంట్లో ఒక గుంట ఉన్నాది

చిన్నీ, బుజ్జీ, ఈ సంగతి మీ నాన్నకి తెలియదు. మీ తాతయ్యకీ చెప్పలేదు. చెబుదామని నోటిదాకా తెచ్చుకుని, మజ్జిగ పొయ్యనా అని అడిగి ఊరుకున్న రోజులున్నాయి. ఇన్నేళ్ళూ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడుపడదు, బయటికీ రాదు.

మొన్న ఫోన్లో, చిన్నీ, నువ్వడిగావు. "నానమ్మా, నా వ్యాసంలో థీమ్ లేదని మిస్ రాసింది. థీమ్ అంటే ఏంటి?"

"అదెంత పనే గుంటా, సెప్తానుండు" అన్నాను.

నువ్వు పకపకా నవ్వావు. "గుంటంటే గొయ్యి కదా! నన్ను గొయ్యి అంటావేంటి?"

కుక్కర్ కూస్తోందని చెప్పి పెట్టేశాను. కుక్కర్ కూయలేదమ్మా. పొయ్యి మీద ఏమీ లేదు.

అప్పట్లో నేను నెల్లిమర్ల నుంచి బస్సెక్కి, సముద్రం పక్క ఊళ్ళో బడికి వెళ్ళేదాన్ని. తెలుగు టీచర్ని. మా అమ్మ మాట్లాడిన తెలుగు కాదు, పుస్తకంలో తెలుగు. ట్రైనింగ్‌లో నా యాసకి తోటివాళ్ళంతా నవ్వేవారు. అందుకని దాన్ని నోట్లోంచి తుడిచేసుకున్నాను. తుడిచేశాననే అనుకున్నాను.

ఒకరోజు తొమ్మిదో తరగతికి 'మా ఇల్లు' అని వ్యాసం ఇచ్చాను. అదే రోజు తనిఖీకి ఒక పెద్దాయన వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి. పిల్లలు రాసిచ్చిన కాగితాల్లోంచి ఒకటి లాగి, మొదటి వాక్యం పైకి చదివాడు. "మా ఇంట్లో ఒక గుంట ఉన్నాది." చదివి ఆగాడు. "ఏమిటమ్మా ఇది? ఇంట్లో గొయ్యి ఉండటమేమిటి?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? ఆ మాట నాదని ఒప్పుకుంటే, ఆయన కళ్ళలో నేను కూడా ఆ పిల్లల్లో ఒకదాన్నయిపోతానని భయం. అంతే. దీనికి మించి పెద్ద కారణం వెతికాను, దొరకలేదు. నవ్వాను. "ఈ పిల్లలు ఇంతేనండీ" అన్నాను.

రాసిన పిల్ల లేచి నిలబడింది. పేరు నూకాలు. సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే వాళ్ళ అమ్మాయి.

"గొయ్యి కాదు టీచరమ్మా, గుంట! మీకు తెల్దా ఏటి?"

"నాకు తెలిసిన తెలుగులో అలాంటి మాట లేదు. కూర్చో."

వెనక బెంచీ నుంచి ఎవడో అన్నాడు, "నూకాలు గోతిలో పడిపోనాదిరోయ్!" క్లాసంతా నవ్వింది. గుంటంటే ఏమిటో అక్కడ తెలియని పిల్ల లేదు. అందరూ ఇంట్లో ఆ పిలుపుతోనే పెరిగినవాళ్ళు. అయినా నేను నవ్వాను కాబట్టి వాళ్ళూ నవ్వారు. నూకాలు నవ్వలేదు. నన్నే చూస్తూ కూర్చుంది.

ఆయన వెళ్ళిపోయాక స్టాఫ్ రూమ్‌లో మిగతాది చదివాను. 'అమ్మ సేపల బేరానికెల్తే గుంట నా ఒళ్ళోనే ఉంటాది. నేను లేకపోతే గుంట పాలు తాగదు. సెలవలయ్యాక గుంట కాడే ఉండిపోమన్నాడు అయ్య. మా ఇల్లు మంచిదే. నాకు బడి ఇష్టం.'

ఇంటి గురించి కాదమ్మా అది రాసింది. నన్ను బడి మాన్పించేస్తున్నారు, ఎవరైనా వచ్చి మా అయ్యకి చెప్పండి అని. చివరి రెండు వాక్యాల మధ్య ఉంది అదంతా. నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు. పూర్తిగా అర్థమయింది. అర్థమైనట్టు రాస్తే పొద్దున్న నేనాడింది అబద్ధమని తేలిపోతుంది. ఎర్ర పెన్ను తీశాను. 'విషయం లేదు' అని రాశాను.

సెలవుల తర్వాత నూకాలు రాలేదు. హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర గొంతు తగ్గించేదాన్ని. వాళ్ళ పేట బడికి ఎంత దూరమనీ? బడి గేటులోంచి వలలు ఆరేసిన ఇసుక కనిపించేది. వెళ్ళి, అమ్మాయిని పంపించండి అని అడగలేకపోయానా? అడిగితే పంపేవారా? తెలియదు. పంపేవారు కాదులే అనుకుంటే కాస్త నిద్ర పడుతుంది. అందుకే అలా అనుకుంటానేమో.

రిటైరయ్యాక ఒకసారి వెళ్ళాను. ఆ కుటుంబం ఎప్పుడో గుజరాత్ వైపు బోట్ల పనికి వెళ్ళిపోయిందన్నారు. నూకాలు ఎక్కడుందో అక్కడెవరికీ తెలియదు. ఒక ముసలామె నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "సదువు సెప్పిన టీచరమ్మ ఇన్నాళ్ళకి గుర్తెట్టుకొని వచ్చినాది" అని పక్కింటావిడకి గొప్పగా చెప్పింది. ఆ టీ తాగాను. కాదని చెప్పలేకపోయాను.

చిన్నీ, థీమ్ అంటే ఏమిటని అడిగావు. నాకు చెప్పే అర్హత లేదు. నీ వ్యాసం నాకు చదివి వినిపించు, నిదానంగా వింటాను. అంతే చేయగలను.

నువ్వడిగిన ఇంకో మాటకి మాత్రం జవాబు చెబుతాను. ఆ రోజు క్లాసులో ఆయనకి చెప్పాల్సింది. గుంట అంటే గొయ్యి కాదమ్మా. చిన్నాడపిల్ల. మా అమ్మ నన్ను అలాగే పిలిచేది.