మంగళవారం తొమ్మిదింటి కాల్

జ్ఞానప్రసూన అమెరికాలోని పిస్కాటవేలో ఒక మందుల కంపెనీలో పదకొండేళ్లు పనిచేసింది. ప్రతి మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ రూమ్‌లో కూర్చుని, ఇంగ్లండ్ ల్యాబ్‌లోని గ్రాహమ్‌తో వీడియో కాల్ మాట్లాడేది. యూరప్‌కి వెళ్లే ప్రతి మందుల బ్యాచ్‌కీ ఆయన సంతకం ఉండాలి.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక ఆ సంతకం యూరప్‌లో చెల్లకుండా పోయింది. ఎవరో వేసిన ఓట్లకి ల్యాబ్ మూతపడింది, పని ఇంకా యూనియన్‌లోనే ఉన్న డబ్లిన్‌కి పోయింది, గ్రాహమ్ ఇంటికి పోయాడు.

కాల్ మాత్రం ఆగలేదు. మంగళవారం తొమ్మిదయ్యేసరికి అక్కడి కెమెరా దానంతటదే ఆన్ అయ్యేది. కిటికీ వైపు తిరిగిన ఖాళీ కుర్చీ, దాని మీద ఆయన వదిలేసిన స్వెటర్ కనిపించేవి.

"దీన్ని తీసేయించొచ్చు కదా, స్పందనా?" అని తోటి ఉద్యోగినిని అడిగింది జ్ఞానప్రసూన.

"ఆయన పెట్టిన మీటింగ్ అక్కా, ఆయనే క్యాన్సిల్ చేయాలి. ఆయనేమో సిస్టమ్‌లో లేడు."

జ్ఞానప్రసూనకి ఒళ్లు మండేది. అయినా చెప్పకుండా కాల్ కట్ చేయడం ఆమెకి చేతకాదు. నాలుగేళ్లపాటు ప్రతి వారం ఆ కుర్చీకి "ఉంటానండీ" అని చెప్పే ఆపింది.

మొన్న ఏప్రిల్‌లో ఆమె ఉద్యోగమూ డబ్లిన్‌కే పోయింది. చివరిరోజు కోపంలో శాలువా మీటింగ్ రూమ్‌లో తన కుర్చీ మీదే మరిచిపోయింది. ఆ తర్వాతి మంగళవారం స్పందన ఫోన్ చేసింది.

"శాలువా కోసం రూమ్‌కి వెళ్లానక్కా. కాల్ నడుస్తోంది."

"నడవనీ. తెచ్చావా?"

"లేదక్కా." స్పందన గొంతు తగ్గించింది. "ఆయన కుర్చీ కిటికీ వైపు లేదు. మీ కుర్చీ వైపు తిరిగి ఉంది."