ఆరు మిల్లీమీటర్ల జాలీ

చివ్వెంలలో పిండి గిర్ని కొమురమ్మ తెలియని ఇల్లు లేదు. అరిసెలకు బియ్యం పట్టించాలన్నా, పసిపిల్లకు రాగిపిండి కావాలన్నా డబ్బా ఆమె ముందే దించాలి. పట్టిన పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసేది. వేలికి చిన్న పలుకు తగిలినా మళ్ళీ పట్టేది. రెండోసారికి కూలి అడిగేది కాదు. ఎవరైనా తొందరపెడితే, "పిండి పట్టుడా, మట్టి తవ్వుడా? జర నిలబడు" అని కసిరేది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. మెత్తదనంలో తన గిర్నిని సూర్యాపేట దాకా మించినవాళ్ళు లేరని ఆమె గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే నాకూ అదే నమ్మకం. మా ఇంట్లో పిండివంటలు కుదిరాయంటే ఆ పుణ్యం ఆమెదే.

నా సొంతూరు చివ్వెంలే, ఇప్పుడు కోదాడలో ఇంగ్లీషు మాస్టారిని. పేరు శ్యాంసుందర్. మా వైపు ఇంగ్లీషు మాస్టారు అన్నాక శుభలేఖలు దిద్దాలి, పాస్‌పోర్టు కాగితాలు నింపాలి. నాకు వాటికి తోడు ఆఫ్రికా కోళ్ళ దాణా కూడా తగులుకుంది. తగిలించినవాడు యుగంధర్. హైవే పక్కన అతనికి వర్క్‌షాప్ ఉంది. ఒకప్పుడు గేట్లు, గ్రిల్సు చేసేవాడు.

ఒక సాయంత్రం టీ తాగించి గంటసేపు నాకు పాఠం చెప్పాడు. ఆఫ్రికాలో పట్నాలు పెరుగుతున్నాయట, గుడ్డు తినేవాళ్ళు పెరుగుతున్నారట, వాళ్ళ కోసం కోళ్ళూ పెరుగుతున్నాయట. దాణా కంపెనీలు కొత్తవి చాలా వస్తున్నా అన్నీ పెద్ద పట్నాల చుట్టే ఉన్నాయట. బస్తా పల్లెకు చేరేసరికి లారీ కిరాయితో దాని ధర ఎక్కడికో పోతోందట. పల్లెల్లో ఆడవాళ్ళు మక్కజొన్నలు, సోయా, పొద్దుతిరుగుడు స్వయంగా పండిస్తారు. వాటిని చవకగా అమ్ముకుని, అవే దాణా అయి తిరిగొస్తే ఖరీదుగా కొనుక్కుంటారు.

"అందుకని పదిమంది కలిసి సొంతంగా చిన్న మిల్లు పెట్టుకుంటున్నారు మాస్టారూ. ఆ చిన్న మిల్లు మనం చేస్తాం. మీరు ఉత్తరాలు రాయండి చాలు" అన్నాడు.

మిల్లు చేశాక దాన్ని నడిపి చూడాలి కదా. నా మాట మీద ట్రాలీలో చివ్వెంల తీసుకెళ్ళి కొమురమ్మ ముందు పెట్టాడు. అప్పటికి ప్యాకెట్ పిండి వచ్చి ఆమె గిర్నిని దెబ్బ కొట్టింది. రోజుకు నాలుగు డబ్బాలు వస్తే గొప్ప. ఆమె యుగంధర్ మిషన్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని చప్పుడు విని, "బేరింగ్ ఏడుస్తున్నది సేటూ. సుత్తులు కూడ ఒక్క తూకం లేవు. గిట్లనే పంపితే నెలకే ఇరుగుతది" అంది. విప్పి చూస్తే ఆమె చెప్పినట్టే ఉంది. యుగంధర్ అక్కడికక్కడే ఆమెను పనిలో పెట్టుకున్నాడు. యాభై రెండేళ్ళ వయసులో కొమురమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ కోదాడ బస్సెక్కడం మొదలుపెట్టింది.

ఆ మిల్లు సంగతి కొంచెం చెప్పాలి. లోపల ఇనుప సుత్తులు గిర్రున తిరుగుతూ గింజను కొడతాయి. వాటి కింద బెజ్జాల రేకు ఉంటుంది. దాన్ని జాలీ అంటారు. బెజ్జం ఎంత ఉంటే పిండి పలుకు అంత. ఏ జాలీ వేయాలన్నది కొమురమ్మే తేల్చింది. ఒక్క మిల్లీమీటరు బెజ్జం. పట్టిన మక్కపిండిని వేళ్ళ మధ్య రుద్ది, "గిది పిండి అంటే" అని అందరి అరచేతుల్లో పోసి చూపించింది. మేమంతా తలూపాం.

మొదటి మిల్లు జాంబియా దేశంలో చిపాటా అనే ఊరి పక్క పల్లెకు వెళ్ళింది. అక్కడ ముప్పై రెండు మంది ఆడవాళ్ళ సంఘం, వాళ్ళ షెడ్లలో ఆరు వందల కోళ్ళు. సంఘం పెద్ద మిసెస్ టెంబో. ఇది బాగుంటే చుట్టుపక్కల సంఘాలకు మరో పద్దెనిమిది మిల్లులు కావాలంది. పది రోజులకు ఆమె పంపిన మెసేజ్‌ను నేనే వర్క్‌షాప్‌లో అందరికీ చదివి వినిపించాను. "పిండి ఎంత మెత్తగా ఉందంటే, కోళ్ళకు పెట్టకుండా మేమే వండుకు తినాలనిపిస్తోంది." ఆ దేశంలో రోజూ తినేది మక్కపిండి ముద్దే. పిండి ఎంత మెత్తగా, తెల్లగా ఉంటే అంత గౌరవం. యుగంధర్ మిఠాయిలు తెప్పించాడు. కొమురమ్మ ఆ రోజు బస్సు కండక్టర్‌కు కూడా ఆ ముచ్చట చెప్పిందట.

ఆ తర్వాత గుడ్లు తగ్గడం మొదలైంది.

రోజుకు ఐదు వందల పైన పెట్టే కోళ్ళు నాలుగు వందలకు వచ్చాయి. ఇంకో వారానికి మూడు వందల పది. మిసెస్ టెంబో మెసేజ్‌లలో మర్యాద తగ్గలేదు గానీ మాటలు తగ్గాయి. నెలాఖరులోగా కోళ్ళు మామూలుకు రాకపోతే మిల్లు వెనక్కి పంపి, మళ్ళీ కంపెనీ బస్తాలే కొనుక్కుంటామని రాసింది. ఇక్కడ ఆవరణలో పద్దెనిమిది మిల్లులు రంగు వేయకుండా నిలబడి ఉన్నాయి. అవి కదలకపోతే యుగంధర్ మళ్ళీ గేట్ల పనికి పోవాలి, వర్క్‌షాప్‌లో పనిచేసే తొమ్మిది మంది ఇళ్ళకు పోవాలి. కొమురమ్మకైతే వెళ్ళి తెరవడానికి గిర్ని ఉంది గానీ డబ్బా తెచ్చేవాళ్ళు లేరు.

వర్క్‌షాప్‌లో తలా ఒక డాక్టరయ్యారు. "ఆళ్ళ మక్కలే మంచియి కావు సార్. తెల్ల మక్కలంట" అన్నాడు మెకానిక్ నరేందర్. ఇంకొకరు నీళ్ళన్నారు, ఇంకొకరు ఎండన్నారు. నేనూ ఊరుకోలేదు, సంఘం ఆడవాళ్ళకు కొలతలు సరిగ్గా తెలియవేమో అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పెద్ద చదువులేవీ లేకుండానే వాళ్ళు ఆరు వందల కోళ్ళను పెంచుతున్నారు. నేను మా ఇంట్లో ఒక్క కోడిని కూడా పెంచలేదు.

ఒక మధ్యాహ్నం మిసెస్ టెంబో షెడ్డు వీడియో పంపింది. ఆదివారం కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. అందరం కోళ్ళ ఈకలు, కళ్ళు, కాళ్ళు చూస్తున్నాం. కొమురమ్మ అన్నం తింటున్నదల్లా ఎంగిలి చేత్తోనే ఫోన్ వైపు వంగింది.

"ఆపు సార్, గాడ ఆపు. దాణా తొట్టి సూపియ్యి."

తొట్టి నిండా దాణా అలాగే ఉంది. మధ్యలో అక్కడక్కడ గుంటలు మాత్రం తవ్వి ఉన్నాయి.

"ముక్కులు సూసిండ్రా? పిండి తడిసి గట్కముద్ద లెక్క అతుక్కున్నది. అది కడుక్కునేటందుకు నీళ్ళకాడికి పోతున్నయ్. నీళ్ళతోనే కడుపు నింపుకుంటున్నయ్" అంది.

డబ్బాలో మిగిలిన అన్నం తినకుండా మూత పెట్టేసింది.

మర్నాడు బడి అయ్యాక నేను వెళ్ళేసరికి యుగంధర్ ముందు నిలబడి ఉంది.

"ఇంటికి పోయి రెండు పళ్ళాలు పెట్టిన సేటూ. ఒకదాంట్ల మన మిల్లు పిండి, ఒకదాంట్ల రోట్ల దంచిన మక్కనూక. మా కోళ్ళు నూక పళ్ళెం మీద పడ్డయ్. అది ఖతం చేసినంక గూడ పిండి దిక్కు సూడలె. అయినా నాకు బుద్ధుండాలె. ముప్పై ఏండ్ల సంది గిర్నిల పిండి ఊడ్చి బయట పోస్తున్న, ఒక్క కోడి ముక్కు పెట్టలె. గింజ రాలితే మాత్రం కొట్టుకుంటయ్. కోడి కడుపుల కందనకాయ ఉంటది. అదే దాని గిర్ని. మనం దాని పని గుంజుకొని, తినేటిది ముక్కుకు అంటుకునేటట్టు చేసినం."

యుగంధర్ మొహం వెలిగింది. కారణం దొరికినందుకు అతనికి పండగే. వెంటనే నా వైపు తిరిగాడు. "మాస్టారూ, స్థానిక పరిస్థితులకు తగ్గట్టు జాలీలో చిన్న మార్పు చేస్తున్నాం అని రాయండి. అంతకు మించి ఒక్క ముక్క వద్దు."

నేను రాశాను. బాగా రాశాను కూడా. అలాంటి ఇంగ్లీషు రాయడంలో నాకు మంచి పేరుంది. పంపబోతుంటే కొమురమ్మ అడ్డుపడింది. "ఏం రాసినవో తెలుగుల చదువు సార్."

చదివాను.

"ఇందుల నేను యాడున్న?"

"నువ్వెందుకుండాలి కొమురమ్మా?" అన్నాడు యుగంధర్.

"జాలీ ఏసింది నేను. తప్పు నాది. గా మాట రాయాలె."

"అలా రాస్తే మన పని అయిపోయినట్టే. తప్పు మాదే అన్నాక ఎవరైనా ఇంకో పద్దెనిమిది కొంటారా? కొంచెం ఆలోచించు."

కొమురమ్మ గొంతు పెరగలేదు. "ఆలోచించిన సేటూ. నెల సంది ఆడ ముప్పై రెండు మంది ఆడోళ్ళు ఎట్లుంటరో ఎర్కనా? మేం కలుపుడే తప్పేమో, మా చేతులే మంచియి కావేమో అని ఒకలనొకలు అనుకుంటుంటరు. ఇంట్ల మొగోళ్ళు నాలుగు మాటలు అంటుంటరు. ఆళ్ళ తప్పు లేదని ఆళ్ళకు తెల్వాలె. నా కొలువు పోతే పోని. రాయి సార్."

యుగంధర్ చేతిలో స్పానర్ బల్ల మీద పడేసి, "మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి" అని బయటికి వెళ్ళిపోయాడు. అతను నా మిత్రుడు. పైగా ఆ తొమ్మిది మందిలో ఇద్దరు నా పాత శిష్యులు. అయినా ఆ అలంకారాలన్నీ చెరిపేసి, ఆమె చెప్పినది చెప్పినట్టు రాసి పంపాను. "జాలీ ఎంచింది నేను. మెత్తగా ఉంటే మంచిదనుకున్నాను. తప్పు నాది. మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. కొమురమ్మ."

జవాబు రాలేదు. రెండు రోజులైంది, మూడైంది. యుగంధర్ మా ఇద్దరితోనూ మాట్లాడటం మానేశాడు. కొమురమ్మ మాత్రం జవాబు కోసం ఆగే రకం కాదు. రెండో శనివారం నన్ను వెంటేసుకుని మిర్యాలగూడ బస్సెక్కింది. అక్కడ తులసీరాం అని ఉన్నాడు, రైసుమిల్లులకు జాలీలు కొట్టడంలో చేయి తిరిగినవాడు. రోట్లో దంచిన నూక పలుకులు చూపించి, అవి దిగేలా ఆరు మిల్లీమీటర్ల బెజ్జాలు కావాలనగానే అతను కళ్ళజోడు తీసి ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు.

"పిండి మిషన్‌కు ఆరా? నలభై ఏండ్ల సంది కొడుతున్న, ఇసొంటి బేరం ఎన్నడు రాలె. గింజ సగమే నలిగి దిగుతది. ఊళ్ళె నా పేరు పోతది."

"నా పేరు ఇదివరకే పోయింది అన్నా. నీది నిలవడతది గాని కొట్టు" అంది కొమురమ్మ. తులసీరాం నవ్వి, రెండు జాలీలు గంటలో కొట్టిచ్చాడు.

వాటిని కొరియర్‌లో పంపించాం. చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులుంది. జాలీ బిగించామని మిసెస్ టెంబో నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ఆ తర్వాత రోజూ ఒక అంకె, అంతే. మూడు వందల ఎనిమిది. మూడు వందల పదిహేను. నాలుగో రోజు రెండు వందల తొంభై తొమ్మిది. ఆ రోజు కొమురమ్మ బస్సు దిగి నా బడికే వచ్చేసింది, గేటు దగ్గర నిలబడి ఫోన్ చూపించమంది. చూసి, "కోడికి గూడ టైం పడతది సార్" అని నాకు ధైర్యం చెప్పింది. చెప్పి, ఆ అంకెను ఇంకోసారి చూపించమంది.

మర్నాటి నుంచి అంకెలు లేచాయి. మూడు వందల నలభై. మూడు వందల తొంభై. నాలుగు వందల ముప్పై. నరేందర్ వర్క్‌షాప్ గోడ మీద సుద్దతో రాయడం మొదలుపెట్టాడు. సరిగ్గా నెలాఖరు రోజున ఐదు వందల ఇరవై ఆరు వచ్చింది. పాత లెక్క కంటే ఎక్కువ. వెల్డింగ్ పని ఆపి అందరూ లేచి నిలబడ్డారు. యుగంధర్ గోడ దగ్గరకు వెళ్ళి ఆ అంకెను చేత్తో తడిమి చూశాడు.

ఆ సాయంత్రమే మిసెస్ టెంబో వీడియో కాల్ చేసింది. ఆమె వెనక పాతిక మంది ఆడవాళ్ళు, చేతుల్లో గుడ్ల ట్రేలు. మీలో కొమురమ్మ ఎవరని ఆమె అడిగింది. యుగంధర్ ఫోన్ కొమురమ్మ చేతిలో పెట్టాడు. నేను పక్కన నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెప్పాను.

"మేము పదకొండేళ్ళుగా దాణా కొంటున్నాం. గుడ్లు తగ్గిన ప్రతిసారీ అమ్మినవాళ్ళు మీ పెంపకం సరిగ్గా లేదన్నారు. తప్పు నాది అని చెప్పిన మనిషిని మేము ఇదే మొదటిసారి చూస్తున్నాం. మీ మెసేజ్ అన్ని సంఘాలకూ చదివి వినిపించడానికి ఊరూరూ తిరిగాం, అందుకే జవాబు ఆలస్యమైంది. ఆ పద్దెనిమిది మిల్లులూ పంపండి. ఇంకో ఇరవై కావాలి. ప్రతి మిల్లునూ కొమురమ్మే చూసి పంపాలి."

అక్కడి ఆడవాళ్ళంతా ఒక్కసారి పాట ఎత్తుకున్నారు. యుగంధర్ ఇనుప బల్ల మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. కొంతసేపటికి లేచి కొమురమ్మ ముందుకు వచ్చి, "నన్ను క్షమించమ్మా" అన్నాడు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

కొమురమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆవరణలోని మిల్లుల వైపు తిరిగింది.

"ఏడ్సుడు రేపు ఏడుస్తం గాని, రంగు డబ్బాలు ఇప్పుండ్రి. ముప్పై ఎనిమిదంటే మాటలా?"