పరబ్రహ్మం మాస్టారి భయాలు

పరబ్రహ్మం మాస్టారికి భయం. ఫలానా దానికని కాదు, అన్నిటికీ భయమే. కోతంటే భయం, కరెంటు స్విచ్చంటే భయం, బ్యాంకు నుంచి ఫోనుకొచ్చే మెసేజంటే భయం, ఆఖరికి భిన్నాలంటే కూడా భయం. ఎక్కడెక్కడో హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక సొంతూరు తిరువూరు చేరిన మనిషికి భిన్నాలంటే భయమేంటయ్యా అని అడగనివాళ్లు లేరు. ఆయన సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గుండెల మీద వేసుకుని, "ఏమో నాయనా, కింద అంకె పైదానికన్నా పెద్దదైతే నాకు చెమట్లు పోస్తాయి" అనేవారు. ఆయన చొక్కాలన్నిటికీ గుండె దగ్గర ఓ తెల్లటి మరక ఉండేది.

ఇంతటి ధైర్యశాలి బస్టాండు వెనక ఎరువుల కొట్టు మేడ మీద గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకి ఓపెన్ టెన్త్ లెక్కలు చెబుతారు. ఊరికే చెబుతారు. అసలే లెక్కలంటే ప్రాణం పోయే మనిషి ఇలాంటాయన దగ్గర చేరితే ఏమవుతుందో మీరే చెప్పండి. రహమత్‌బీ చేరింది.

రహమత్‌బీ అంగన్‌వాడీలో ఆయా. అక్కడి టీచరమ్మ త్వరలో రిటైరవుతోంది. టెన్త్ పాసైతే ఆ కుర్చీ రహమత్‌బీకే వస్తుంది. ఈ ఏడాది పాసవకపోతే వయసు దాటిపోతుంది, ఇంక జన్మలో రాదు. మిగతా సబ్జెక్టులన్నీ ఎలాగో గట్టెక్కాయి, లెక్కలొక్కటే కొరకరాని కొయ్య అయింది. అలాగని లెక్కలు రాక కాదు. ఎనిమిదో తరగతిలో ఓ మాస్టారు బోర్డు దగ్గర నిలబెట్టి క్లాసంతా నవ్వేలా చేశాడు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడి మొహం చూడలేదు. ఇప్పటికీ పరీక్ష పేపరు చేతికొస్తే అరచేతులు చల్లబడిపోతాయి, తలలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రెండుసార్లు పరీక్షకి వెళ్లింది, రెండుసార్లూ మధ్యలో లేచొచ్చేసింది. రెండోసారైతే, దింపడానికెళ్లిన మొగుడు ముజీబ్ గేటు ఎదురుగా న్యూస్‌పేపరు చదవడం ముగించకముందే వెనక నిలబడి, "ఇంటికెళ్దాం పదండి" అంది.

మొదటి రోజు మాస్టారు అడిగారు, "లెక్కలంటే మీకు భయమా అమ్మా?"

"చచ్చేంత భయం సార్."

"హమ్మయ్య! నాకో తోడు దొరికారు. ఆ లైటు కాస్త మీరే వేస్తారూ? నాకా స్విచ్చి అంటే దడ."

రహమత్‌బీ ఇంటికెళ్లి నెత్తి కొట్టుకుంది. "యా అల్లా, ఆయన నాకన్నా పిరికివాడండీ! నా పని అయిపోయినట్టే."

"పోనీ మానేస్తావా?" అన్నాడు ముజీబ్.

"మానేస్తే రేపు లైటెవరు వేస్తారు?" అంది రహమత్‌బీ.

ఆ క్లాసులో ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. మౌలాలి మామిడికాయల లోడు తోలే లారీ డ్రైవరు. తెల్లజుట్టు వచ్చాక పలకా బలపం ఏంటని సిగ్గుపడి మూలన కూర్చునేవాడు, నోరు విప్పేవాడు కాదు. వినగడప నుంచి వచ్చే వెంకాయమ్మ పొద్దంతా మిరపతోటలో వంగి వంగి, క్లాసులో కూర్చోగానే కునికేది. ప్రేమ్ కిరణ్‌కి సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టుంది, ఫోన్లోంచి తల ఎత్తడు. ఇంకో మాస్టారైతే ఒకర్ని గద్దించి, ఒకర్ని లేపి, ఒకడి ఫోను లాక్కునేవాడు. పరబ్రహ్మం మాస్టారికి అంత ధైర్యమెక్కడిది?

ఓ సాయంత్రం ఆయన మౌలాలి పక్కన చేరి గుసగుసగా అడిగారు. "మౌలాలి గారూ, రేపు నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి గుడికి స్కూటర్ మీద వెళ్లాలండీ. ఎదురుగా లారీ వస్తే నా గతేంటి?"

అంతే, మౌలాలి నోరు తెరుచుకుంది. ఏ స్పీడులో ఉంటే ఎంత ముందు బ్రేకు తొక్కాలో, మలుపులో ఎలా తగ్గాలో, ఎన్నింటికి బయల్దేరితే ఎన్నింటికి చేరతారో అరగంట సేపు ధైర్యం చెప్పాడు. మాస్టారు "ఆఁ? ఆఁ?" అంటూ బోర్డు మీద వేసుకుంటూ పోయారు. చూస్తే కాలం, దూరం పాఠం పూర్తయింది. ఇంకో రోజు ఆయనకి మిరపకాయల తూకంలో మోసపోతానేమోనని బెంగ పట్టుకుంది. కునుకుతున్న వెంకాయమ్మ ఉలిక్కిపడి లేచి, "అయ్యో మాస్టారూ, తరుగెంత తీస్తున్నాడో చూసుకోవద్దూ!" అని శాతాలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ప్రేమ్ కిరణ్‌కయితే ఆయన రోజూ ఫోను చూపించేవారు, వడ్డీ మెసేజి చూసి బెదిరిపోయి. వాడు తన ఫోను పక్కన పెట్టి మరీ ఆయనకి చక్రవడ్డీ విప్పి చెప్పేవాడు.

ఏ భయమొచ్చినా మాస్టారిది ఒకటే మాట, "ఇప్పుడేమవుతుందంటారు?" క్లాసుది ఒకటే జవాబు, "ఏం కాదు సార్, మేమున్నాం గదా!"

రహమత్‌బీ వంతు కూడా వచ్చింది. "మా ఇంట్లో వ్రతం, అరవై మంది వస్తున్నారు," అన్నారు మాస్టారు గుండె పట్టుకుని. "పది మందికి కిలోంపావు బియ్యం చాలని వంటాయన అన్నాడు. అరవై మందికెంతో తేలక నిద్ర పట్టడం లేదండీ."

"ఏడున్నర కిలోలు సార్," అంది రహమత్‌బీ టక్కున. రోజూ పిల్లలకి వండే చెయ్యి మరి.

"చాలకపోతే? అసలు ఏడున్నరే అని ఎలా చెప్పారు? కాస్త వేసి చూపించండి. నా చెయ్యి వణుకుతోంది, సుద్ద నిలవట్లేదు."

పాపం ముసలాయన అనుకుని రహమత్‌బీ గబగబా లేచి, బోర్డు మీద లెక్కంతా వేసి చూపించి, "భయపడకండి, ఇంకో కిలో ఎక్కువే పోయించండి" అని ధైర్యం చెప్పి వచ్చి కూర్చుంది. కూర్చున్నాక గానీ తను బోర్డు దగ్గరికి వెళ్లొచ్చిందని ఆమెకి తట్టలేదు. ఎనిమిదో తరగతి తర్వాత అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత మాస్టారింట్లో వరసగా పెళ్లిచూపులు, ఒడుగు, నిశ్చితార్థం, షష్టిపూర్తి జరిగాయి. ప్రతిదానికీ రహమత్‌బీయే లెక్కలు వేసింది. ఒక్కదానికి కూడా ఆయన క్లాసులో ఎవర్నీ పిలవలేదు. బంధువులంటే కూడా భయమేమో అని సరిపెట్టుకున్నారు.

కోతి వచ్చిన రోజు సంగతి చెప్పాలి. కిటికీలోంచి ఓ గండు కోతి లోపలికి దూకి బల్లెక్కింది. మాస్టారు అదే బల్ల కిందకి దూరి, "రహమత్‌బీ గారూ! నన్ను రక్షించండి!" అని కేక పెట్టారు. రహమత్‌బీకి కూడా పైప్రాణాలు పైనే పోయాయి. కానీ ఏం చేస్తుంది? చీపురు తీసుకుని "హుష్! పో!" అని దాన్ని మెట్ల దాకా తరిమింది. మర్నాడు దర్గా నుంచి తాయెత్తు తెచ్చి ఎర్రదారంతో మాస్టారి జబ్బకి కట్టింది. వెంకాయమ్మ నెమలి వేణుగోపాలస్వామి కుంకుమ తెచ్చి నుదుట పెట్టింది. మాస్టారు ఇద్దరికీ దణ్ణం పెట్టి, "ఇప్పుడు కొంచెం నయం" అన్నారు.

పరీక్ష దగ్గరపడింది. ఇంక రహమత్‌బీకి తిండి లేదు, నిద్ర లేదు. హాల్‌టికెట్టు బీరువాలో పెట్టడం, తీసి చూడ్డం, మళ్లీ పెట్టడం. అంగన్‌వాడీలో పప్పులో ఉప్పు రెండుసార్లు పడి పిల్లలు మొహాలు చిట్లించారు. ముందురోజు సాయంత్రం మాస్టారి దగ్గరికెళ్లి, "నావల్ల కాదు సార్. మళ్లీ లేచొచ్చేస్తాను, నాకు తెలుసు" అని ఏడ్చేసింది.

ఆమెని ఓదారుస్తారనుకున్నారా? ఆయన కుర్చీలో కూలబడిపోయారు. "అమ్మా, అంతమాట అనకండి! రేపు నేను గేటు ఎదురుగానే ఉంటాను. మీరు మధ్యలో బయటికొచ్చారంటే అక్కడే నా గుండె ఆగిపోతుంది. ఆఖరి గంట దాకా కూర్చుంటే బతికి బట్టకడతాను. ఆపైన మీ ఇష్టం!"

ఇదెక్కడి గోలరా దేవుడా! రాసేది తనా, ఆయనా? ఉన్న భయానికి తోడు ఈ ముసలాయన ప్రాణం కూడా ఇప్పుడు నెత్తిన పడింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పేపరు చేతికొచ్చింది. అరచేతులు చల్లబడ్డాయి. మొదటి ప్రశ్న చదివింది, అర్థం కాలేదు. రెండోది చదివింది, మొదటిది మర్చిపోయింది. చెవుల్లో హోరు, ఎనిమిదో తరగతి నవ్వు. లేచిపోవాలి. కాలు బెంచీ బయట పెట్టింది కూడా. అప్పుడు మాస్టారి గుండె గుర్తొచ్చింది. అయ్యో, బతికున్నాడో లేదో అని కంగారుగా కిటికీలోంచి గేటు వైపు చూసింది.

గేటు ఎదురుగా బజ్జీల బండి. బండి పక్కన బెంచీ. బెంచీ మీద మాస్టారు కాలు మీద కాలేసుకుని మిరపకాయ బజ్జీ తింటున్నారు. కళ్లు అరమూసుకుని మరీ తింటున్నారు. ఇంతలో గోడ మీంచి ఓ కోతి దబ్బున దూకింది. బజ్జీలవాడు పారిపోయాడు, జనం చెదిరిపోయారు. మాస్టారు మాత్రం కదల్లేదు. కోతి వచ్చి పక్కన కూర్చుంది. ఆయన దానివైపు చూడనన్నా చూడకుండా సగం బజ్జీ తుంచి ఇచ్చి, అది రెండోసారి చెయ్యి చాపితే ఆ చేతి మీద చిన్న దెబ్బ వేశారు. జబ్బ మీద ఎర్రదారం తాయెత్తు మెరిసింది.

రహమత్‌బీకి మొదట ఒళ్లు మండింది. ఓరి దొంగ మాస్టారూ! చీపురు పట్టుకుని చచ్చీచెడీ కోతిని తరిమానే! దర్గాకి నడిచెళ్లి తాయెత్తు తెచ్చానే! వ్రతమూ అబద్ధమే, ఒడుగూ అబద్ధమే! అరవై మంది లేరు, ఏడున్నర కిలోల బియ్యమూ లేదు. లెక్క మాత్రం తనే వేసింది. బోర్డు దగ్గరికి తన కాళ్లతో తనే వెళ్లింది. ఆయన కోసం ధైర్యం చెబుతూ చెబుతూ ఉంటే, ఆ ధైర్యం తన దగ్గరే ఉండిపోయింది. అది తెలిసొచ్చి ఆమెకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఏంటమ్మా, లెక్కల పేపరు చూసి నవ్వుతున్నావ్?" అన్నాడు పరీక్షకి కాపలా ఉన్న సారు బిత్తరపోయి.

"ఏం లేదు సార్," అని రహమత్‌బీ కాలు లోపలికి తీసుకుంది. మొదటి ప్రశ్న మళ్లీ చదివింది. పనివాళ్లూ కూలీ లెక్క అది. ఇంతేనా! ఆఖరి గంట కొట్టాక కూడా, "ఒక్క నిమిషం సార్" అని అడిగి తిట్లు తింది.

గేటు దగ్గర మాస్టారు గుండె పట్టుకుని ఊగిపోతున్నారు. "ఏమైందండీ? నాకైతే పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా దిగలేదు! ఇప్పుడేమవుతుందంటారు?"

"ఏం కాదు సార్, నేనున్నా గదా," అంది రహమత్‌బీ. "ముందా మీసానికంటిన శెనగపిండి తుడుచుకోండి."

మాస్టారు మీసం తుడుచుకున్నారు. ఆమె మొహంలోకి ఓ క్షణం చూశారు. "శెనగపిండంటే కూడా నాకు..."

"భయం. తెలుసు సార్."

ఇద్దరూ అంతకుమించి ఆ ఊసెత్తలేదు. క్లాసులో మిగతావాళ్లకి ఆమె చెప్పనూ లేదు. పైగా ఎవరైనా ఆయన్ని వేళాకోళం చేస్తే, "పాపం, సార్‌ని ఏమీ అనకండి" అని కసిరేది.

రిజల్టొచ్చింది. రహమత్‌బీ పాసయింది, ఆ కుర్చీ కూడా వచ్చింది. టీచరుగా కూర్చున్న మొదటి రోజు మాస్టారు అరటిపళ్లు పట్టుకుని అంగన్‌వాడీకొచ్చారు. లోపల కొత్తగా చేరిన ఓ బుల్లిపిల్ల గుమ్మం పట్టుకుని ఊరు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. ఎవరెత్తుకున్నా ఆగడం లేదు. రహమత్‌బీ వెళ్లి దాని పక్కన చతికిలబడి, గోడ వైపు చూపించి, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మా, ఆ బల్లి చూడు. నాకు బల్లంటే చచ్చేంత భయం. కాస్త నా పక్కన కూర్చుంటావా?"

పిల్ల ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని, బల్లిని చూసింది, టీచర్ని చూసింది.

"అమ్మో! బల్లి ఉందా?" అంటూ మాస్టారు అరటిపళ్లు అక్కడే పెట్టేసి, వణుక్కుంటూ వచ్చి పిల్లకి అవతలి పక్కన కూర్చున్నారు. రహమత్‌బీ ఆయన వైపు చూడకుండా పెదవి కొరుక్కుంది.

ఆ పిల్ల ఇటో చెయ్యి, అటో చెయ్యి పట్టుకుని, ఇంత పెద్దవాళ్లయినా బొత్తిగా ధైర్యం లేని ఈ ఇద్దర్నీ చూసి జాలిపడి, "ఏం కాదులే, నేనున్నా గదా!" అంది.