పుష్కర నీళ్ళు తాగిన బ్యాటరీ

ఆండాళు బోటుల పెట్టె మూత లేపిందంటే ఇగ ఎవరు పిలిచినా పలుకది. కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున, జనాన్ని ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు దాటించే బోటు అది. బోట్ల సంఘమోళ్ళది. నడిపేది ఆమె మొగుడు యాదగిరి. అతని ముంగట వైర్‌లెస్ సెట్టు, దారి చూపే జీపీఎస్ తెర, లైట్లు, హారన్ ఉంటయి. ఇంజను నడిచినంత సేపు వాటికి ఫికర్ లేదు. నడి నీళ్ళల్ల ఇంజను ఆగిందనుకో, ఇగ దిక్కు సీటు కింది పెట్టెల ఉన్న రెండు బ్యాటరీలే. ఆ పెట్టెను చూసుకునే పని ఆండాళుది.

ఆ పని నాకియ్యిన్రి అని ఆమె అడిగితే, "ఆడామెకు బ్యాటరీలేంది" అని మొదట్ల సంఘమోళ్ళు నవ్విన్రు. నవ్వితే నవ్వనీ, వాళ్ళకేం తెలుసు. కొత్తకోటల మగ్గాల ఇంట్ల పుట్టిన పిల్ల ఆమె. కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెల్వని కాలంల, మగ్గం మీద లైటు ఆరొద్దని ఆమె బాపు గండయ్య ఒక ఇన్వర్టర్ తెచ్చి పెట్టిండు. దాని బ్యాటరీకి నీళ్ళు పోసుడు, వైర్లు బిగిచ్చే కొసలు తుడుసుడు చిన్నప్పటి సంది ఈమె పనే. తెగిన దారానికి ముడి ఎంత నాజూకుగ వేస్తదో, బ్యాటరీ వైరు గూడ అంతే నాజూకుగ బిగిస్తది.

ఆ నవ్వులు బందయింది మాత్రం ఒక ఎండకాలం. బోటు నడి నీళ్ళల్ల ఉన్నప్పుడు ఇంజను ఆగింది, గాలి లేచింది, వైర్‌లెస్ ఒత్తితే సప్పుడు లేదు. అప్పటిదాక ఆ బ్యాటరీల మొఖం చూసినోడు ఒక్కడుంటే గద. బోటును గాలి ఏడికో గుంజుకపోయింది. చేపలోళ్ళు చూసి ఒడ్డుకు తెచ్చేదాక యాదగిరి తల్లి సుక్కమ్మ గట్టు మీద కూసున్న జాగల నుంచి లేవలే, ఒక్క మెతుకు ముట్టలే. ఆ తెల్లారే పెట్టె తాళంచెవి ఆండాళు కొంగుకు ఎక్కింది.

అప్పటి సంది ప్రతి శుక్రవారం ఇదే పని. పెట్టె తెరుస్తది. కొసలకు తెల్లగ పొడి పడితే తినే సోడా నీళ్ళతోని కడిగి, ఆరబెట్టి, వ్యాజిలిన్ పూస్తది. మూతలు విప్పి లోపల నీళ్ళు గీత దాక ఉన్నయా చూస్తది. తక్కువుంటే షాపుల అమ్మే బ్యాటరీ నీళ్ళు సన్నటి ధారగ పోస్తది. సుక్కమ్మ గట్టు మీద కూసోని ఇదంతా చూస్తుంటది. ఒకపారి అడిగింది గూడ.

"ఏం నీళ్ళే పిల్లా అవి? ఇంత గంగ ముంగట పెట్టుకొని సీసా నీళ్ళు కొంటవు."

"శుద్ధమైన నీళ్ళు కావాలె అత్తమ్మా దీనికి. ఏవి పడితే అవి పోస్తే ఖరాబైతది."

సుక్కమ్మ తలకాయ ఊపింది. ఆండాళు ఆ ముచ్చట ఆన్నే మర్చిపోయింది.

ఆ ఏడు దసరా పోయినంక కబురొచ్చింది. కార్తీకంల జనం ఎక్కువొస్తరు గనుక ముందే ఆఫీసరొచ్చి బోటు చూస్తడట. నడి నీళ్ళల్ల ఇంజను ఆపిచ్చి, వైర్‌లెస్సు, లైట్లు, తెర బ్యాటరీ మీద నడుస్తయా లేవా చూస్తడట. నడిస్తే పర్మిషన్. నడవకుంటే ఈ ఏడు బోటు గట్టు మీదనే.

బోటు గట్టు మీదుంటే యాదగిరి పుణెకు పోవాలె. కూలీలను తీస్కపోయే మేస్త్రి ఇప్పటికే ఫోన్ జేసిండు. పోయినసారి పోయినప్పుడు సెంట్రింగు మీద నుంచి పడి, నడుము పట్టుకొని ఇంటికొచ్చిండు యాదగిరి. ఆ రోజులు మల్ల చూసే ఓపిక ఆండాళుకు లేదు. ఏమన్న గాని, మొగుడు ఈ నీళ్ళ మీదనే ఉండాలె.

అందుకే ఆ శుక్రవారం జర ఎక్కువ భయంతోనే పెట్టె తెరిచింది. తెరిచి అట్లనే నిలబడ్డది. ఒక బ్యాటరీ పైనంత తడి తడిగున్నది. కొసలు పచ్చగ, తెల్లగ బూజు పట్టినట్టున్నయి. మూతలు విప్పితే నీళ్ళు గీత దాటి నోటి దాక ఉన్నయి. చార్జి పెడితే ఎక్కినట్టే ఎక్కుతాంది, తీసిన జరసేపటికే దిగిపోతాంది. అదొక్కటే అయితే సరే, జంట కట్టినందుకు పక్కదాని చార్జి గూడ గుంజుకుంటాంది.

"ఎవరు ముట్టిన్రు దీన్ని? నువ్వేనా?" అని మొగుని మీదికి లేచింది.

"నేనెందుకు ముడ్త? తాళంచెవి నీ కొంగుకే ఉంటది గదా" అన్నడు యాదగిరి. అతనికీ కోపమొచ్చింది.

ఆ మాటతోనే ఆమెకు యాదికొచ్చింది. దసరా నాడు ఇంజనుకు, హారన్‌కు, పెట్టెకు బొట్టు పెట్టి పూజ జేస్తరు. ఆ పొద్దు ఆమె పిండివంటల పడి తాళంచెవి అత్త చేతుల పెట్టింది. దబదబ ఇంటికి పోయింది. దేవుని గూట్ల ఉండే చిన్న రాగి చెంబు, ఎనిమిదేండ్ల కింద పుష్కరాలల్ల సుక్కమ్మ కృష్ణ నీళ్ళు ముంచి, మూతికి లక్కతోని సీలు ఏపిచ్చిన చెంబు, బోర్లిచ్చి ఉన్నది.

"అత్తమ్మా, ఆ చెంబుల నీళ్ళేమైనయి?"

సుక్కమ్మ బియ్యం ఏరుతాంది. తలెత్తలే. "బ్యాటరీకి పోసిన. నువ్వే అంటివి గదా, శుద్ధమైన నీళ్ళు కావాలెనని. పుష్కర నీళ్ళకంటే శుద్ధమైనవి ఏడున్నయి?"

ఆండాళు బోర్లిచ్చిన చెంబు దిక్కు చూసింది. ఆ చెంబు ఎందుకు దాచుకున్నదో ఇంట్ల అందరికీ తెలుసు. పానం పోయేటప్పుడు ఆ నీళ్ళు నోట్లె పొయ్యాలెనని సుక్కమ్మ వందసార్లు చెప్పింది. జ్వరమొస్తె చాలు, చెంబు దగ్గర పెట్టుకొని పండేది.

"మరి నీకో?" అన్నది ఆండాళు.

"నాదేముంది తియ్యి. పోయేదాన్ని, నోట్లె ఏ నీళ్ళు పోస్తేంది. వాడు నీళ్ళ మీద తిరిగేటోడు. ఆ నాడు వాని గొంతు వినపడక నా పానం సగం పోయింది. ఆ పెట్టె సల్లగుంటే వాడు సల్లగుంటడు."

బ్యాటరీకి నది నీళ్ళు విషమే అత్తమ్మా, దాని పని అయిపోయింది అని చెప్పడానికే వచ్చింది ఆండాళు. చెప్పలేకపోయింది. అత్త పక్కన కూసోని, చాటల చెయ్యి పెట్టి తనూ బియ్యం ఏరింది. జరసేపటికి మెల్లగ అన్నది.

"ఒక్కసారి పోస్తే మల్ల పుష్కరాల దాక నడుస్తది అత్తమ్మా. అందాక ఇగ దాన్ని ముట్టొద్దు."

"నాకు తెల్వదా" అన్నది సుక్కమ్మ.

ముచ్చటంత యాదగిరికి చెప్పింది. తెల్లారి మొగుడు పెళ్ళాం ఒక ఆటో కిరాయికి తీస్కొని కొత్తకోటకు పోయిన్రు. గండయ్య మగ్గం గుంటల నుంచి లేచొచ్చి, బిడ్డ చెప్పింది విని, మూలకున్న ఇన్వర్టర్ బ్యాటరీ దిక్కు చూపిచ్చిండు.

"తీస్కపో బిడ్డా. ఇప్పుడు కరెంటు ఏడ పోతాంది, నాకెందుకు ఇది? నెల నెల చార్జి పెడుతనే ఉన్న, నువ్వొచ్చి చూస్తే తిడ్తవని."

ఆండాళు మూతలు విప్పి చూసింది. నీళ్ళు గీత మీదున్నయి, కొసలు నిగనిగ మెరుస్తున్నయి. బాపు దిక్కు చూసి నవ్వింది. బరువు మోయలేక ముగ్గురూ కలిసి ఆటోల ఎక్కిచ్చిన్రు. ఒడ్డుకు తెచ్చినంక, పాతదానితోని జంట కట్టకుండ దాన్నొక్కదాన్నే ఆండాళు బోటు పెట్టెల బిగిచ్చింది. రెండిటి పని అదొక్కటే చేసేటంత పెద్దది.

ఆఫీసరొచ్చిన నాడు సంఘమోళ్ళంత గట్టు మీది షెడ్డుల, అక్కడి వైర్‌లెస్ సెట్టు చుట్టూ గుమిగూడిన్రు. సుక్కమ్మ గూడ పోయి ముందల్నే కూసున్నది. ఆండాళు బోటు ఎక్కింది. నడి నీళ్ళల్లకు పోయినంక ఆఫీసరు సైగ చేసిండు, యాదగిరి ఇంజను ఆపిండు. బోటుకు నీళ్ళు తాకే సప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆండాళు పెట్టె మీద చెయ్యి పెట్టి కూసున్నది. లైట్లు ఆరలే. తెర ఆరలే. ఆఫీసరు చాలాసేపు అటిటు చూసి, "ఒడ్డుతోని మాట్లాడండి" అన్నడు.

యాదగిరి వైర్‌లెస్ చేతిల పట్టుకున్నడు. ఏం మాట్లాడాలెనో ముందే అనుకున్నడు గాని, నోట్లెకు ఇంకోటి వచ్చింది.

"అమ్మా, తిన్నవా?"

సెట్టుల గరగరమన్నది. తర్వాత షెడ్డులకెల్లి సుక్కమ్మ గొంతు వచ్చింది, పక్కన కూసోని మాట్లాడినట్టు.

"తిన్న బిడ్డా. మంచిగ వినపడ్తున్నవు. జర కోడల్ని అడుగు, నా నీళ్ళు పనికొచ్చినయా అని."

యాదగిరి పెండ్లాం దిక్కు చూసిండు. ఆండాళు అతని చేతులకెల్లి వైర్‌లెస్ తీస్కున్నది.

"వచ్చినయి అత్తమ్మా" అన్నది. "మల్ల పుష్కరాలకు నిన్ను నేనే తోలుకపోత. ఈసారి చెంబు నేను ముంచుత."